కదలనని మొరాయించే ఫోర్క్‌లిఫ్ట్

బస్తాలను, పెట్టెలను, పీపాలను మనుషులు వీపుల మీద మోసే కాలం మన కళ్ళ ముందే కొంత కొంతగా వెనుకబడుతున్నది. రేవులలో, కర్మాగారాలలో, శీతల గిడ్డంగులలో ముందు వైపు రెండు ఇనుప కొమ్ములు చాచుకొని, టన్నుల బరువును అవలీలగా ఎత్తి అరల మీద పేర్చే చిన్న బండి నేడు సర్వసాధారణమైనది. దానినే ఫోర్క్‌లిఫ్ట్ అంటున్నాము. వీటిలో డీజిలుతో నడిచేవి కొన్ని, బ్యాటరీతో నడిచేవి కొన్ని. నాలుగు గోడల నడుమ, ఆహార పదార్థాల మధ్య పొగ పనికిరాదు గనుక అటువంటి చోట్ల విద్యుత్ బండ్లదే పైచేయి. ఈ ప్రసంగం ఆ విద్యుత్ బండిని గురించి. మరింత స్పష్టంగా చెప్పవలెనంటే, అది కదలనని మొరాయించినప్పుడు చేయవలసిన విచారణను గురించి.

బండి ఆగిన మరుక్షణం గిడ్డంగిలో సాధారణంగా వినిపించే మాట, "కంట్రోలర్ పోయింది" అన్నది. కంట్రోలర్ ఆ బండికి మెదడు వంటి పెట్టె. బ్యాటరీ నుండి మోటారుకు ఎంత విద్యుత్తు పోవలెనో నిర్ణయించేది అదే. ఖరీదైన వస్తువు. ఆ మాట నమ్మి, కొత్త పెట్టెను తెప్పించి, బిగించిన తరువాత కూడా బండి కదలకపోతే యజమాని ముఖం ఎట్లా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. నిజానికి ఇట్లా ఆగిన బండ్లలో అధిక భాగం లోపం ఆ పెట్టెలో ఉండదు. ఆ పెట్టెకు వార్తలు చేరవేసే తీగెలోనో, స్విచ్చిలోనో, పెడల్‌లోనో, బ్యాటరీలోనో ఉంటుంది. కొన్ని సందర్భాలలో అసలు లోపమే ఉండదు. బండి తనకు విధించిన నియమాన్ని పాటించి ఆగి ఉంటుంది. ఈ తేడా తెలుసుకోవడం డబ్బుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం కూడా.

ఇంట్లో కూర్చొని వినే వారికి దీనితో ఏమి పని అని కొందరికి తోచవచ్చు. ఈ బండ్లు నడిపి, బాగుచేసి జీవనం గడుపుకొనే యువకులు నేడు ఎన్నో కుటుంబాలలో ఉన్నారు. అదీగాక, కరెంటు పోయినప్పుడు ఇంట్లో దీపం వెలిగించే ఇన్వర్టరూ, వీధిలో చప్పుడు లేకుండా పోయే విద్యుత్ స్కూటరూ ఈ బండికి దగ్గరి చుట్టాలే. ఒకదాని తత్త్వం తెలిస్తే మిగిలినవి అంత కొరుకుడు పడనివి కావు.

ముందుగా కంట్రోలర్ చేసే పని ఏమిటో చూద్దాము. పాత రోజులలో ఇంటి పంకాకు గోడ మీద ఒక పెద్ద రెగ్యులేటరు ఉండేది. పంకా నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాని మీద చేయి పెడితే వెచ్చగా తగిలేది. విద్యుత్తులో కొంత భాగాన్ని నిరోధపు తీగెలో వేడిగా ఖర్చు చేసి, మిగిలినదానిని పంకాకు ఇవ్వడం దాని పద్ధతి. తొలినాటి విద్యుత్ ఫోర్క్‌లిఫ్ట్‌లు కూడా ఇట్లాగే నడిచినవి. నెమ్మదిగా పోవలెనంటే బ్యాటరీ శక్తిలో కొంత వేడిగా వృథా కావలసిందే. పైగా ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు మారినప్పుడల్లా బండి కుదుపు ఇచ్చేది.

1957లో అమెరికాలోని జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థ ఇంజనీర్లు సిలికాన్ కంట్రోల్డ్ రెక్టిఫయరు అనే పరికరాన్ని రూపొందించినారు. కదిలే భాగాలు లేకుండా పెద్ద విద్యుత్ప్రవాహాన్ని తెరచి మూసే ద్వారం వంటిది అది. దానితో పద్ధతి మారినది. ప్రవాహాన్ని సగానికి తగ్గించవలెనంటే దానికి అడ్డు పెట్టి వేడిగా మార్చనక్కరలేదు; ద్వారాన్ని సగం కాలం తెరచి, సగం కాలం మూసి ఉంచితే చాలు. ఈ తెరవడం మూయడం అతి వేగంగా సాగుతుంది గనుక మోటారుకు తునకలు తునకలుగా తెలియదు; సమంగా సగం శక్తి అందినట్లే ఉంటుంది. తరువాత 1980ల నుండి మోస్‌ఫెట్ అనే మరింత చురుకైన ద్వారాలు వచ్చినవి. ఇవి సెకనుకు వేల సార్లు తెరచుకొని మూసుకొనగలవు. 1990ల నుండి బ్రష్షులు లేని ఇండక్షను మోటార్లు ఈ బండ్లలో ప్రవేశించినవి. వాటికి ఏకముఖ విద్యుత్తు పనికిరాదు. అందువల్ల కంట్రోలరే బ్యాటరీ విద్యుత్తును మూడు దశల ప్రత్యావర్తక విద్యుత్తుగా మార్చి అందిస్తున్నది.

ఇంతటి ద్వారపాలకునికి ఒక స్వభావం ఉన్నది. అడిగిన వెంటనే తలుపు తీయడు. బ్యాటరీలో చాలినంత శక్తి ఉన్నదా? డ్రైవరు సీటులో కూర్చున్నాడా? చేతి బ్రేకు వదిలినాడా? ముందుకా వెనుకకా అన్నది మీటతో తెలిపినాడా? తాళం తిప్పే సమయానికి పెడల్ మీద కాలు లేదు కదా? ఈ ప్రశ్నలన్నిటికీ సరియైన జవాబు వచ్చిన తరువాతనే మోటారుకు విద్యుత్తును విడుదల చేస్తాడు. ఒక్క జవాబు తప్పినా, సందేహంగా ఉన్నా, ఆపడమే క్షేమమని ఆపివేస్తాడు. కాబట్టి బండి కదలనప్పుడు మనం అడగవలసిన ప్రశ్న "ఏది చెడిపోయినది?" అన్నది కాదు, "ఏ ప్రశ్నకు దానికి జవాబు అందలేదు?" అన్నది.

విచారణకు ముందు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. నడిపే చక్రాలను జాకీతో నేల నుండి పైకి లేపి, గట్టి చెక్క దిమ్మలు పెట్టవలె. జాకీని ఒక్కదానినే నమ్మరాదు. ఎందుకంటే పరీక్షలో ఒక తీగె కదిలినా బండి ఉన్నట్టుండి పూర్తి వేగంతో దూకవచ్చు. తీగెలు విప్పే ముందు బ్యాటరీ ప్లగ్గు పీకివేయవలె. ప్లగ్గు పీకిన తరువాత కూడా కంట్రోలర్‌లోని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. తయారీదారు చెప్పిన విధంగా తగిన నిరోధం ద్వారా దానిని ఖాళీ చేసిన తరువాతనే చేయి పెట్టవలె. చేతి ఉంగరాలు, గడియారం తీసి పక్కన పెట్టవలె. 48 వోల్టులే గదా అని చులకన పనికిరాదు. ఆ బ్యాటరీ ధ్రువాల మధ్య ఒక పానా అడ్డంగా పడితే వేల ఆంపియర్ల ప్రవాహంతో అది ఎర్రగా కాలి కరిగిపోగలదు.

ఇక విచారణ. మంచి వైద్యుడు మందుల పెట్టె తెరవక ముందు రోగిని మాట్లాడిస్తాడు. ఇక్కడ రోగి మాట్లాడలేదు గనుక రోజూ దాని మీద కూర్చునే డ్రైవరును అడగవలె. బండి అసలే కదలడం లేదా? కదులుతున్నది గాని నీరసంగా పోతున్నదా? కుదుపులతో పోతున్నదా? బాగానే పోతూ అప్పుడప్పుడు ఆగుతున్నదా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు దారులు. వీటిని కలిపి చూసినవాడు దారి తప్పినట్లే.

మొదటిది, అసలే కదలకపోవడం. తాళం తిప్పినప్పుడు ముందున్న అద్దంలో దీపాలు వెలిగినవా? వెలగకపోతే కంట్రోలర్ వరకు పోనక్కరలేదు. బ్యాటరీ ప్లగ్గు సరిగా కూర్చోలేదేమో, అత్యవసరంగా ఆపే ఎర్ర బొత్తాం నొక్కి ఉన్నదేమో, ఫ్యూజు పోయినదేమో, తాళపు స్విచ్చి అరిగినదేమో చూడవలె. ఎర్ర బొత్తాం ఎవరో నొక్కి మరచిపోవడం వల్ల గంటల తరబడి ఆగిన బండ్లు లేకపోలేదు. దీపాలు వెలిగినట్లయితే ఆ తరువాత చెవి ఒగ్గి వినవలె. లోపల కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చి మూసుకొంటూ "టక్" మని శబ్దం చేస్తుంది. కొన్ని బండ్లలో తాళం తిప్పగానే, మరికొన్నింటిలో డ్రైవరు కూర్చున్న తరువాత ఈ శబ్దం వస్తుంది. ఆ శబ్దం రాకపోతే కాంటాక్టర్ చుట్టకు విద్యుత్తు చేరుతున్నదా అని మీటరుతో చూడవలె. చేరుతున్నా మూసుకోకపోతే దోషం కాంటాక్టర్‌ది. చేరకపోతే దోషం దానికి ముందున్న గొలుసులో ఎక్కడో ఉన్నది.

శబ్దం వచ్చినది, అయినా బండి కదలదు. అప్పుడు ఇందాక చెప్పిన ప్రశ్నలను ఒకటొకటిగా పరిశీలించవలె. తొందరలో డ్రైవరు పెడల్ మీద కాలు ఉంచి తాళం తిప్పినా, మీటను ముందుకు నెట్టి ఉంచి కూర్చున్నా కంట్రోలర్ కదలనీయదు. ఇది లోపం కాదు, క్రమం తప్పడం. కాలు తీసి, మీటను మధ్యకు తెచ్చి, తాళం ఒకసారి కట్టి మళ్ళీ తిప్పితే చాలు. ఆ తరువాత సీటు స్విచ్చి, చేతి బ్రేకు స్విచ్చి, మీట కింది స్విచ్చులు. ఇవి రూపాయలలో చూస్తే చిన్న వస్తువులు. కాని బండిని ఆపడంలో పెద్ద కంట్రోలర్‌తో సమానం.

ఈ సందర్భంలో ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. ఆ మధ్య పనివారితో ముచ్చటించడానికి నేనొక గిడ్డంగికి పోయినాను. అక్కడొక ఫోర్క్‌లిఫ్ట్ రెండు రోజులుగా మధ్య మధ్య ఆగుతున్నది. కొత్త కంట్రోలర్‌కు ధర కూడా కనుక్కొన్నారు. ఇంతలో ఒక పెద్ద మేస్త్రీ వచ్చి, పనిముట్ల సంచీ తెరవకుండా, ఆ బండి నడిపే బక్కపలుచని కుర్రవాడిని పిలిచినాడు.

"ఎక్కడ ఆగుతోంది బాబూ?"

"గుమ్మం దగ్గర మెరక ఎక్కేటప్పుడండీ, మేస్త్రీ గారూ. ఒక్కోసారి మలుపు తిరిగేటప్పుడు కూడా."

"సాయంత్రం షిఫ్టులో నడిపేదెవరు? అతనికీ ఆగుతోందా?"

"అతనికి ఏమీ కావడం లేదండీ. నాకే ఇట్లా అవుతోంది."

సాయంత్రం నడిపే మనిషి మంచి లావరి అని తరువాత తెలిసినది. మేస్త్రీ సీటు మీద అరచేయి పెట్టి నొక్కినాడు, వదిలినాడు, మళ్ళీ నొక్కినాడు. సీటు కింది స్ప్రింగు సాగిపోయి ఉన్నది. స్విచ్చి మీట వంగి ఉన్నది. కుర్రవాని బరువు దానికి చాలడం లేదు. మెరక మీద అతడు కాస్త పైకి లేవగానే సీటులో ఎవరూ లేరని బండి అనుకొంటున్నది. గుమ్మం బయట సరుకు కోసం లారీ నిలిచి ఉన్నది. పక్కనున్న సహాయకుడు, "ఆ రెండు తీగెలూ కలిపేస్తే పోతుంది గదా, స్విచ్చి రేపు తెచ్చుకోవచ్చు" అన్నాడు. మేస్త్రీ తల ఎత్తకుండానే, "రేపు తెచ్చేదెవరు? కలిపిన తీగె కలిపినట్టే ఉండిపోతుంది. ఒకరోజు వీడు దిగి సరుకు సర్దుకుంటూ ఉంటే బండి వీడి మీదికి వస్తుంది. అప్పుడు నువ్వొచ్చి ఆపుతావా?" అన్నాడు. సహాయకుడు మారు పలకలేదు. లారీ రెండు గంటలు ఆగినది. స్విచ్చీ, స్ప్రింగూ వచ్చినవి. బండి నడిచినది.

ఆ మాటను ఇంకొంచెం విడమరచి చెప్పవలె. సీటు స్విచ్చి ఉన్నది బండిని ఇబ్బంది పెట్టడానికి కాదు. డ్రైవరు దిగేటప్పుడు మోకాలు మీటకు తగలవచ్చు. పెడల్ మీద ఏదైనా పడవచ్చు. మనిషి లేడని తెలిస్తే కంట్రోలర్ కదలనీయదు. ఆ తీగెలు కలిపివేస్తే మనిషి ఎప్పుడూ ఉన్నాడనే అబద్ధాన్ని దానికి శాశ్వతంగా నేర్పినట్లు అవుతుంది. రెండు మూడు టన్నుల బండికీ గోడకూ మధ్య ఇరుక్కొన్న మనిషికి ఆ అబద్ధం ఎంత ఖరీదైనదో ఊహించుకోవచ్చు. పని త్వరగా కావలెనన్న ఆత్రుతతో ఎవరు కలపమన్నా, అది యజమాని అయినా సరే, మెకానిక్ కలపరాదు; డ్రైవరు అటువంటి బండి ఎక్కరాదు.

ఇక రెండవ దారి, నీరసంగా పోవడం. ఇక్కడ మొదటి అనుమానితుడు బ్యాటరీ. 48 వోల్టుల బండిలో సీసపు బ్యాటరీ అయితే 24 సెల్లులు వరుసగా ఉంటవి. పూర్తిగా చార్జి అయి, కొంతసేపు విశ్రాంతిగా ఉన్న సెల్లు సుమారు 2.12 వోల్టులు చూపుతుంది. మొత్తం మీద సుమారు 51 వోల్టులు. అయితే బండి నిలిచి ఉన్నప్పుడు ఈ అంకె చూసి సంతోషించరాదు. జబ్బుపడిన సెల్లు కూడా పని లేనప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. బరువు ఎత్తిస్తూ, ఆ సమయంలో ఒక్కొక్క సెల్లునూ కొలవవలె. తోటివాటికంటె బాగా దిగిపోయిన సెల్లే దోషి. జోడెద్దులలో ఒకటి కూలబడితే రెండవది ఎంత బలమైనదైనా బండి సాగనట్లే, 23 సెల్లులు బాగుండి ఒకటి చెడినా బండి నీరసిస్తుంది. హైడ్రోమీటరుతో చూస్తే నిండుగా చార్జి అయిన సెల్లులోని ద్రవం విశిష్ట గురుత్వం సుమారు 1.280 ఉంటుంది, శక్తి తగ్గే కొద్దీ అది 1.150 వరకు దిగుతుంది. అంతకంటె దిగనిస్తే బ్యాటరీ ఆయుర్దాయం తగ్గుతుంది.

ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవారికి కూడా ఇక్కడ పనికివచ్చే మాట ఒకటున్నది. నీరు పోయవలసిన రకపు సీసపు బ్యాటరీలో పోయవలసినది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. అదికూడా పూర్తిగా చార్జి అయిన తరువాత పోయవలె. చార్జి అవుతున్నప్పుడు ద్రవం ఉబ్బుతుంది గనుక ముందే నిండుగా పోస్తే గంధకికామ్లం పొంగి పైకి వస్తుంది. లోపలి పలకలు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేవరకు కొద్దిగా పోసి తరువాత చార్జి చేయవలె. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజను వాయువు వెలువడుతుంది. గాలి ఆడని గదిలో అది చేరితే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. చార్జింగు గదిలో బీడీ వెలిగించడం ఎంత ప్రమాదమో, ఇన్వర్టరు బ్యాటరీ పక్కన దీపారాధన చేయడమూ అంతే ప్రమాదం. ఈ మధ్య వస్తున్న లిథియం బ్యాటరీలకు నీరు పోసే పని లేదు; వాటి లోపలే ఒక కాపలా పరికరం ఉండి, సెల్లులు మితిమీరి ఖాళీ కాకుండా ఆపుతుంది. అటువంటి బండి ఆగినప్పుడు ఆ పరికరం ఏమి చెబుతున్నదో కూడా చూడవలె.

బ్యాటరీ బాగున్నా బండి మధ్యాహ్నం వేళ నీరసిస్తే వేడిని అనుమానించవలె. సుమారు 85 డిగ్రీల సెల్సియస్ దాటగానే పలు కంట్రోలర్లు తమంతట తాము ప్రవాహాన్ని తగ్గించుకొంటవి. ఇది ఆత్మరక్షణ. వెనుకనున్న లోహపు రెక్కలలో దుమ్ము, పీచు పేరుకొన్నా, గాలి పంకా ఆగినా, బండి శక్తికి మించి బరువులు ఎత్తించినా ఈ స్థితి వస్తుంది. దుమ్ము దులిపితే పోయే జబ్బుకు కొత్త పెట్టె అవసరం లేదు.

మూడవ దారి, కుదుపులు. రేడియో ఉన్న ఇంటివారికి ఈ భాగం సులభంగా బోధపడుతుంది. పాత రేడియోలో ధ్వని పెంచే మీట తిప్పినప్పుడు గరగరమని శబ్దం వచ్చి, ధ్వని ఒక్కసారి హెచ్చి తగ్గడం మీరు వినే ఉంటారు. లోపలి నిరోధపు పట్టీ అరగడమే కారణం. చాలా బండ్లలో పెడల్ కింద ఉన్నది సరిగా అటువంటి పరికరమే. పెడల్‌ను నెమ్మదిగా అదుముతూ మీటరులో చూస్తే వోల్టేజి మెట్లు లేకుండా సమంగా పెరగవలె. మధ్యలో ఎక్కడైనా గెంతినట్లయితే పట్టీ అరిగినట్లు. ఇక్కడొక తెలివైన ఏర్పాటున్నది. కాలు ఎత్తి ఉన్నప్పుడు పెడల్ పూర్తి సున్నను చూపదు. కొంత వోల్టేజిని చూపుతుంది. పూర్తిగా అదిమినప్పుడు కూడా పై హద్దుకు కొంచెం కిందనే నిలుస్తుంది. తీగె తెగితే సున్న వస్తుంది. మరొక తీగెకు తగిలితే పై హద్దు దాటుతుంది. ఈ విధంగా కాలు ఎత్తడానికీ తీగె తెగడానికీ తేడాను కంట్రోలర్ గుర్తిస్తుంది. తీగె తెగినప్పుడు బండి పరుగెత్తక ఆగడానికి కారణం ఇదే.

ఇండక్షను మోటారు ఉన్న బండ్లలో మోటారు ఎంత వేగంతో, ఏ దిక్కుగా తిరుగుతున్నదో చెప్పే చిన్న సెన్సారు ఒకటి ఉంటుంది. దాని నుండి రెండు సంకేతాలు ఒకదాని వెనుక ఒకటిగా వస్తవి. ఒకటి ఆగినా కంట్రోలర్ చీకటిలో నడిచే మనిషి అవుతుంది. బండి వణుకుతుంది, నత్తనడక నడుస్తుంది, లేదా ఆగుతుంది. మోటారు చెడిపోయినదని విప్పక ముందు ఆ సెన్సారు తీగెను, దాని కొనను చూడవలె. పాతకాలపు బ్రష్షుల మోటారులో అయితే కార్బన్ బ్రష్షులు అరిగినవా, స్ప్రింగులు వదులైనవా అని చూడవలె. ఆ కార్బన్ పొడి పేరుకొంటే విద్యుత్తు బండి ఇనుప చట్రంలోకి కారుతుంది. దానివల్ల అర్థం కాని లోపాలెన్నో పుట్టుకువస్తవి.

నాలుగవ దారి అన్నిటికంటె ఓర్పును పరీక్షించేది, అప్పుడప్పుడు ఆగడం. మెకానిక్ వచ్చినప్పుడు బండి చక్కగా నడుస్తుంది. అతడు గేటు దాటగానే ఆగుతుంది. ఇటువంటివి ఎక్కువగా తీగెల కొనలలో, కనెక్టర్లలో ఉండే జబ్బులు. శీతల గిడ్డంగిలో గడ్డకట్టే చలిలో పని చేసిన బండి బయటి తేమగాలిలోకి రాగానే, చన్నీళ్ళ చెంబుకు పట్టినట్లు, లోపలి లోహపు ముక్కలకు చెమ్మ పడుతుంది. క్రమంగా చిలుము పడుతుంది. సముద్రతీరపు ఉప్పుగాలి దీనికి తోడైతే చెప్పనే అక్కరలేదు. చక్రాలు పైకి లేపి ఉంచి, మీటరు తగిలించి, తీగెల కట్టను చివర నుండి చివరకు మెల్లగా కదుపుతూ పోతే ఎక్కడ సంకేతం పోతున్నదో దొరుకుతుంది. మడతపడే చోట, ఇనుప అంచుకు రాసుకొనే చోట మొదట చూడవలె.

ఈనాటి కంట్రోలర్లు తమకు వచ్చిన బాధను అంకెలలో చెబుతవి. కొన్ని చిన్న దీపాన్ని లెక్కగా మెరిపిస్తవి. కొన్ని అద్దం మీద సంఖ్య చూపుతవి. తాళం కట్టక ముందే ఆ అంకెను కాగితం మీద వ్రాసుకోవలె. అయితే ఆ అంకెను తీర్పుగా తీసుకోరాదు. అది ఫిర్యాదు మాత్రమే. పెడల్ లోపమని అంకె వచ్చిందంటే, పెడల్ నుండి రావలసిన సంకేతం హద్దులలో లేదని అర్థం. పెడల్ చెడి ఉండవచ్చు, తీగె తెగి ఉండవచ్చు, కనెక్టరులో నీరు చేరి ఉండవచ్చు. నొప్పి ఎక్కడ ఉన్నదో రోగి చెబుతాడు. రోగమేమిటో కనిపెట్టవలసినది వైద్యుడే.

ఇవన్నీ సరిగా ఉన్నవని మీటరుతో రుజువైన తరువాత, లోపలికి రావలసిన వార్తలన్నీ సక్రమంగా వస్తూ కూడా మోటారుకు విద్యుత్తు పోకపోతే, అప్పుడు మాత్రమే కంట్రోలర్‌ను దోషి అనవచ్చు. మోటారు చుట్టలో గాని, మోటారు తీగెలలో గాని లోపముంటే కొత్త కంట్రోలర్ కూడా మొదటి రోజే కాలిపోవచ్చు. కనుక ముందుగా వాటిని పరీక్షించవలె. కొత్త పెట్టె బిగించిన తరువాత ఆ బండికి తగిన వేగం, బ్రేకు బలం వంటి కొలతలన్నీ దానిలో అమర్చవలె. మరొక బండి కొలతలతో నడిపితే బండి కదులుతుంది గాని ఆగవలసిన చోట ఆగకపోవచ్చు.

యజమానులకు ఒక మనవి. ప్రతి బండికి ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ రోజున, ఎక్కడ, ఎంత బరువుతో ఆగినదో, ఏ అంకె వచ్చినదో, ఏమి మార్చినారో డ్రైవరు చేతనే వ్రాయించండి. రోజూ పని మొదలుపెట్టే ముందు హారను, బ్రేకు, సీటు స్విచ్చి, ఎర్ర బొత్తాం పని చేస్తున్నవో లేదో చూడడానికి అయిదు నిమిషాలు ఇవ్వండి. నిలిచిన లారీ కంటె ఆ అయిదు నిమిషాలు చౌక. "బండి ఎందుకో సరిగా లేదండీ" అని డ్రైవరు వచ్చి చెప్పినప్పుడు విసుగుకోకండి. మీటరులో అంకె కనిపించడానికి ముందే ఆ తేడా అతని కాలికి తెలుస్తుంది.

ఆగిన బండి మనకు శత్రువు కాదు. తనకు తెలియని దానిని తెలిసినట్లు నటించకుండా, సందేహం కలిగినప్పుడు ఆగమని మనమే దానికి నేర్పినాము. అది మన మాట విని ఆగినప్పుడు దాని నోరు మూయించడం న్యాయం కాదు. ఎందుకు ఆగినదో తేలికైన ప్రశ్న నుండి కష్టమైన ప్రశ్న వరకు, చౌకైన భాగం నుండి ఖరీదైన భాగం వరకు వరుసగా అడుగుతూ పోతే జవాబు దొరుకుతుంది. ఆ జవాబు దొరికేవరకు బండి ఆగి ఉండడమే మంచిది.